ఇంఫాల్–చురాచాంద్‌పూర్ దారిలో బండి నడిపేది ఎవరు: సిబ్బంది భద్రతపై ఒక కేస్ స్టడీ

2023 మే నెల తర్వాత మణిపూర్‌లో ఇంఫాల్ లోయ నుంచి చురాచాంద్‌పూర్ జిల్లాకు మందులు చేరవేయడానికి, బెంగళూరు ప్రధాన కార్యాలయంగా పనిచేసే ఒక స్వచ్ఛంద సంస్థ తీసుకున్న నిర్ణయాలను ఇక్కడ వివరిస్తున్నాను. ఆ సంస్థలో క్షేత్ర కార్యకలాపాలతో పాటు సిబ్బంది భద్రత చూడడం నా ఉద్యోగం. సంస్థ పేరు గానీ, మనుషుల పేర్లు గానీ, బండి ఆగిన ఊరి పేరు గానీ ఇందులో ఉండవు. ఆ పనిలో పాల్గొన్నవాళ్ళు ఇప్పటికీ ఆ దారి పక్కనే కాపురాలుంటున్నారు. సంఘర్షణ ప్రాంతాల్లో పని గురించి మనకు దొరికే శిక్షణ సామగ్రి చాలావరకు సోమాలియా, అఫ్గానిస్తాన్, సిరియా అనుభవాల మీద తయారైనది. భారతీయ సంస్థ ఒకటి, భారతీయ సిబ్బందితో, భారతీయ చట్టాలకు లోబడి, సొంత దేశంలో ఒక జిల్లా నుంచి పక్క జిల్లాకు వెళ్ళలేని పరిస్థితి వస్తే ఏం చేయాలనేది అందులో కనిపించదు. బెంగళూరులోనూ హైదరాబాదులోనూ ఈ రంగంలో ఉన్న తెలుగువాళ్ళకు పనికొస్తుందని కొంత వివరంగానే రాస్తున్నాను.

నేల తీరు, మనుషుల తీరు

2023 మే 3న మైతేయిలకూ కుకీ-జో తెగలవారికీ మధ్య మొదలైన హింసలో 250 మందికి పైగా చనిపోయారు. సుమారు 60 వేల మంది ఇళ్ళు వదిలి వెళ్ళారు. సహాయం చేయడానికి వెళ్ళేవారికి ఈ అంకెలతో పాటు అక్కడి నేల తీరు కూడా తెలియాలి. లోయలో మైతేయిలు, చుట్టూ ఉన్న కొండల్లో కుకీ-జో తెగలవారూ నాగాలూ ఉంటారు. మే తర్వాత లోయకూ కుకీ-జో కొండలకూ మధ్య కేంద్ర బలగాలు కాపలా కాసే బఫర్ జోన్లు ఏర్పడ్డాయి. మైతేయిలు చురాచాంద్‌పూర్ వైపు, కుకీలు ఇంఫాల్ వైపు అడుగు పెట్టడమంటే ప్రాణాల మీద ఆశ వదులుకోవడమే అయింది. ప్రభుత్వ డాక్టర్లకూ, అధికారులకూ, చివరికి పోలీసులకూ ఇందులో మినహాయింపు లేకపోయింది.

ఇంఫాల్ నుంచి బిష్ణుపూర్, క్వాక్తా, తోర్బుంగ్ మీదుగా చురాచాంద్‌పూర్ 60 కిలోమీటర్ల పైచిలుకు దూరం. రాష్ట్రంలోని పెద్దాసుపత్రులు రిమ్స్, జేఎన్‌ఐఎంఎస్ రెండూ ఇంఫాల్‌లోనే ఉన్నాయి. చురాచాంద్‌పూర్‌లో వైద్య కళాశాల ప్రారంభమైంది 2023 జనవరిలో, అంటే గొడవలకు నాలుగు నెలల ముందు మాత్రమే. మూసుకుపోయిన ఆ 60 కిలోమీటర్లకు బదులుగా కొండవైపు వారికి మిగిలినది మిజోరం దారి. ఐజ్వాల్ నుంచి చురాచాంద్‌పూర్‌కు 300 కిలోమీటర్లకు పైగా కొండదారి. వానాకాలంలో కొండచరియలు పడితే ఎప్పుడు చేరతామో ఎవరూ చెప్పలేరు. మణిపూర్‌లో 2020 జనవరి 1 నుంచి ఇన్నర్ లైన్ పర్మిట్ అమల్లో ఉంది, మిజోరంలో అంతకుముందు నుంచే ఉంది. కాబట్టి బెంగళూరు నుంచి వెళ్ళే మనిషి ఏ వైపు నుంచి ప్రవేశించినా ముందుగా ఆ రాష్ట్రం అనుమతి తీసుకోవాలి. అత్యవసర పరిస్థితిలో ఒక మనిషిని ఒక వైపు నుంచి మరో వైపుకు మార్చాలంటే ఈ కాగితాలే ఒక రోజు తినేస్తాయి.

మా ఇంఫాల్ కార్యాలయంలో మే నెలకు ముందు మైతేయిలు, కుకీలు, నాగాలు, పంగల్‌లు (అంటే మైతేయి ముస్లింలు) ఒకే బల్ల దగ్గర కూర్చుని పనిచేసేవారు. మొదటి వారంలోనే కుకీ ఉద్యోగులు కొందరు చురాచాంద్‌పూర్‌కూ, కొందరు రాష్ట్రం బయటికీ చేరారు. మైతేయి ఉద్యోగులకు బిష్ణుపూర్ హద్దయింది. కొండవైపు ఒక బృందాన్నీ, లోయవైపు మరో బృందాన్నీ విడివిడిగా నడపడం తప్ప వేరే మార్గం లేకపోయింది. దీని పర్యవసానం ఏమిటంటే, ప్రతి బృందమూ తన వైపు వార్తలే వింటుంది, తన వైపు చావులనే లెక్కిస్తుంది. రెండు వైపుల సమాచారమూ కలిసే చోటు బెంగళూరు ఒక్కటే మిగిలింది. అందుకని ఒక మైతేయి ఉద్యోగినినీ, ఒక కుకీ ఉద్యోగినీ బెంగళూరుకు రప్పించి, ఉదయం వచ్చే సమాచారాన్ని ఇద్దరూ కలిసి సరిచూసే ఏర్పాటు చేశాం. ఒక ఊరి దగ్గర కాల్పులు జరిగాయని వార్త వస్తే ఇద్దరూ తమ తమ వైపు ఫోన్ చేస్తారు. ఇద్దరికీ ఒకే సమాధానం వస్తేనే అది మా పటంలోకి ఎక్కుతుంది. మొదట్లో వాళ్ళిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోవడానికి ఇబ్బంది పడ్డారు. ఆ ఇబ్బంది పూర్తిగా పోయిందని నేను చెప్పను; అయినా పని జరిగింది.

చట్టం విషయం కూడా ఇక్కడే చెప్పాలి. భారతదేశం 1949 జెనీవా ఒప్పందాలను ఆమోదించింది గానీ 1977 అదనపు ప్రోటోకాళ్ళలో చేరలేదు. దేశంలోపలి ఘర్షణలను సాయుధ సంఘర్షణలుగా మన ప్రభుత్వం గుర్తించదు. కాబట్టి నిష్పాక్షిక మానవతా సంస్థ తన సేవలను అందించజూపవచ్చునని ఆ ఒప్పందాల ఉమ్మడి మూడో అధికరణం చెప్పే మాట మణిపూర్ చెక్‌పోస్ట్ దగ్గర ఎవరికీ పట్టదు. అక్కడ పనికొచ్చేవి జిల్లా డిప్యూటీ కమిషనర్ ఇచ్చిన ఉత్తరం, ఊరి పెద్దల మాట, ఆ దారిలో కాపలా కూర్చునే మహిళల నమ్మకం. 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు జస్టిస్ గీతా మిత్తల్ అధ్యక్షతన ముగ్గురు విశ్రాంత మహిళా న్యాయమూర్తుల కమిటీని నియమించిన తర్వాత, శిబిరాల్లో అవసరాల గురించి రాతపూర్వకంగా చెప్పుకోవడానికి ఒక చోటు దొరికింది. దారి మాత్రం దానితో తెరుచుకోలేదు.

ఏ సరుకు ఏ దారిన

లోపలికి ఎలా వెళ్ళాలన్న చర్చ సాధారణంగా దారితో మొదలవుతుంది. మేము సరుకుతో మొదలుపెట్టాం. ఈ మొత్తం వ్యవహారంలో సిబ్బంది ప్రాణాలకు అన్నిటికంటే ఎక్కువ మేలు చేసినది ఆ చర్చేనని నా అభిప్రాయం. కాన్వాయ్‌లు, రేడియోలు, తూటా ఆపే చొక్కాల గురించి మాట్లాడుకునే సభల్లో దీని ఊసు చాలా తక్కువగా వస్తుంది.

చురాచాంద్‌పూర్ నుంచి వచ్చిన మందుల జాబితాను మా ఫార్మసిస్టు ముందు పెట్టుకుని ఒక్కొక్క పేరు దగ్గరా ఒకే ప్రశ్న అడిగాం: ఇది ఇంఫాల్ దారినే వెళ్ళాలా? అందరూ వెంటనే అవునన్నది ఇన్సులిన్ విషయంలో. తెరవని ఇన్సులిన్ సీసాలను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి గనుక దగ్గరి దారే శరణ్యమన్నారు. అయితే తెరిచి వాడుతున్న సీసా 25–30 డిగ్రీల లోపు సుమారు నాలుగు వారాలు పనిచేస్తుంది. తెరవని సీసాలున్న కోల్డ్ బాక్సులో ఐజ్వాల్ దగ్గర ఐస్ ప్యాకులు మార్చుకుంటే కొండదారి ప్రయాణం తట్టుకుంటుంది. శిబిరంలో ఒక్కొక్క రోగికీ ఒక సీసా అదనంగా ముందే ఇచ్చి పెడితే, దారి కొన్ని రోజులు మూసుకున్నా చికిత్స ఆగదు. పాముకాటు మందు మన దేశంలో ఎక్కువగా పొడి రూపంలో దొరుకుతుంది, దానికి ఫ్రిజ్ అవసరం లేదు. దేశంలో హెచ్‌ఐవీ వ్యాప్తి ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో మణిపూర్ ఒకటి. ఆ మందులు, క్షయ మందులు మామూలు ఉష్ణోగ్రతలోనే ఉంటాయి కాబట్టి, జిల్లా అధికారులు ఒప్పుకున్న మేరకు ఎక్కువ నెలలకు సరిపడా ఒకేసారి పంపవచ్చు. బియ్యం, దుప్పట్లు, దోమతెరలు ఎటూ కొండదారినో, ప్రభుత్వ కాన్వాయ్‌లోనో వెళ్ళగలవు.

చివరికి ఇంఫాల్ దారిన తప్పనిసరిగా వెళ్ళాల్సినవిగా మిగిలినవి చాలా కొద్ది: కాన్పు తర్వాత రక్తస్రావం ఆపడానికి వాడే ఆక్సిటోసిన్ వంటి చల్లగా ఉంచాల్సిన మందులు అనుకోకుండా అయిపోయినప్పుడు, ఐజ్వాల్ దారి కొండచరియలతో మూసుకుపోయినప్పుడు, ఇంఫాల్ డిపోలో మాత్రమే దొరికే ప్రభుత్వ సరఫరా ఏదైనా ఉన్నప్పుడు. రోగులను ఆ దారిలో మేము ఒక్కసారి కూడా తరలించలేదు, తరలించమని వచ్చిన అభ్యర్థనలను జిల్లా యంత్రాంగానికి అప్పగించాం.

కొండదారికి ఖర్చు ఎక్కువ. ఒక పెట్టె మందులు చురాచాంద్‌పూర్ చేరడానికి అయ్యే రవాణా ఖర్చు కొన్నిసార్లు మందుల ధరను మించిపోయింది. ఇది దాతలకు నచ్చలేదు. బెంగళూరులో ఒక కంపెనీ సామాజిక బాధ్యత విభాగం వారు 60 కిలోమీటర్ల దారి ఉండగా 300 కిలోమీటర్లు ఎందుకు తిప్పుతున్నారని పటం ముందు పెట్టుకుని అడిగారు. పటంలో బఫర్ జోన్ కనిపించదు మరి.

ఆ మిగిలిన ప్రయాణాల్లో

దగ్గరి దారిన తప్పక వెళ్ళాల్సిన ఆ కొద్ది ప్రయాణాలకు ఎవరిని పంపాలి? మైతేయి ఉద్యోగి తోర్బుంగ్ దాటలేడు, కుకీ ఉద్యోగి బిష్ణుపూర్ చేరలేడు, బెంగళూరు నుంచి వెళ్ళిన నా వంటి మనిషికి దారీ తెలియదు, భాషా తెలియదు. రెండు వైపులా రాకపోకలు కొంతవరకైనా సాగించగలిగినవారు పంగల్ డ్రైవర్లు, కొన్ని మార్గాల్లో నాగా డ్రైవర్లు. ఆ కాలంలో కూరగాయల నుంచి గ్యాస్ సిలిండర్ల దాకా ఎన్నో సరుకులు హద్దు దాటింది పంగల్ డ్రైవర్ల చేతుల మీదుగానే. మేమూ ఒక స్థానిక రవాణాదారు ద్వారా ఒక పంగల్ డ్రైవర్‌నే కుదుర్చుకున్నాం.

పేరును బట్టి, ముఖాన్ని బట్టి దారి తెరుచుకోవడం మణిపూర్‌కే పరిమితం కాదు. 2012లో సుక్మా కలెక్టర్ అలెక్స్ పాల్ మేనన్‌ను మావోయిస్టులు అపహరించినప్పుడు ఆయనకు ఆస్తమా మందులు తీసుకువెళ్ళగలిగినది ఆదివాసీ నాయకుడైన మాజీ ఎమ్మెల్యే మనీష్ కుంజాం. చర్చలకు కూర్చున్నవారిలో, అంతకు ముందు ఏడాది మల్కాన్‌గిరి కలెక్టర్ వినీల్ కృష్ణ విడుదలకు మధ్యవర్తిగా ఉన్న ప్రొఫెసర్ హరగోపాల్ కూడా ఉన్నారు. అలాంటి పెద్దమనుషులు తమ పలుకుబడిని తెలిసి, ఇష్టపడి పణంగా పెడతారు; వారికేమైనా అయితే దేశమంతా అడుగుతుంది. ట్రిప్పుకింతని డబ్బు తీసుకుని బండి నడిపే మనిషికి ఏమైనా అయితే అడిగేదెవరు? పైగా రెండు వైపులా తిరగగలడు కాబట్టి అతనికి ప్రమాదం లేదనుకోవడం తప్పు. రెండు వైపులా అనుమానించదగిన మనిషి కూడా అతనే. 2024 జనవరి 1న తౌబాల్ జిల్లా లిలోంగ్‌లో సాయుధుల కాల్పుల్లో చనిపోయినవారు పంగల్ పౌరులే.

2023 వానాకాలంలో ఒక మధ్యాహ్నం బిష్ణుపూర్ జిల్లాలో ఒకచోట మా మందుల బండిని స్థానికులు ఆపారు. అప్పుడు రాష్ట్రంలో మొబైల్ ఇంటర్నెట్ లేదు. మే 3న నిలిపివేసిన ఆ సేవ సెప్టెంబరు 23న తిరిగి వచ్చి, కొద్ది రోజులకే మళ్ళీ ఆగింది. విదేశీ శిక్షణ పుస్తకాల్లో ఇటువంటి చోట శాటిలైట్ ఫోన్ వాడమని రాసి ఉంటుంది. మన దేశంలో ప్రభుత్వ అనుమతి లేకుండా అది దగ్గర ఉంచుకోవడమే నేరం. అందువల్ల మా ఏర్పాటంతా మామూలు ఎస్ఎంఎస్ మీద నడిచింది: బయల్దేరే ముందు ఒకటి, ముందుగా అనుకున్న ప్రతి చోటా ఒకటి, చేరాక ఒకటి. రావలసిన ఎస్ఎంఎస్ అరగంట దాటినా రాకపోతే ఇంఫాల్ నుంచి ఫోన్ చేయాలి, గంట దాటితే బెంగళూరు నుంచి నిర్ణయాలు మొదలవ్వాలి. ఆ రోజు రెండో ఎస్ఎంఎస్ రాలేదు. డ్రైవర్ ఫోన్ వాళ్ళ చేతిలో ఉందని కాసేపటికి తెలిసింది.

ముందే రాసి పెట్టుకున్న క్రమంలో పోలీసులు మొదటివారు కారు. ఆ ఊళ్ళో వైద్య శిబిరాల వల్ల మాకు పరిచయమున్న ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు, ఆ ప్రాంత క్లబ్బు కార్యదర్శి వెళ్ళి మాట్లాడారు. మందులు కొండ మీది సాయుధులకు వెళుతున్నాయని వాళ్ళ అనుమానం. పెట్టెలు తెరిచి చూపించారు. కాన్పుల మందులని ఒక నర్సు చదివి చెప్పింది. చీకటి పడ్డాక బండిని వదిలారు గానీ సరుకులో కొంత దించుకున్నారు. డ్రైవర్ మీద చెయ్యి పడలేదు.

తర్వాత అతనితో వివరంగా మాట్లాడినప్పుడు ఈ కేసులో అతి ముఖ్యమైన విషయం బయటపడింది. ఆపిన వాళ్ళలో ఒక పెద్దామె మొదటి అరగంటలోనే, బండి ఇక్కడ వదిలేసి నువ్వు వెళ్ళిపో అని అతనికి చెప్పింది. అతను వెళ్ళలేదు. ఎందుకు వెళ్ళలేదని అడిగితే, సరుకు పోతే దాని ధర తన నుంచి వసూలు చేస్తారని రవాణా కాగితంలో ఉందన్నాడు. నిజమే, దేశంలో ఏ రవాణా ఒప్పందంలోనైనా ఉండే మామూలు నిబంధన అది: సరుకు నష్టానికి రవాణాదారుదే బాధ్యత. రవాణాదారు ఆ భారాన్ని డ్రైవర్ మీదికి నెట్టాడు. మా భద్రతా నియమావళిలో మొదటి పేజీలో, సరుకు పోయినా ఫర్వాలేదు, మనిషి తిరిగి రావాలని రాసి ఉంది. ఆ నియమావళి జీతాల పట్టీలో ఉన్నవాళ్ళకు మాత్రమే ఇస్తారు. డ్రైవర్ చేతిలో ఉన్నది రవాణా కాగితం. కాబట్టి అతను తన చేతిలో ఉన్న కాగితం ప్రకారమే నడుచుకున్నాడు, చీకటి పడేదాకా మందుల పెట్టెల పక్కనే నిలబడ్డాడు.

జీతాల పట్టీలో లేని మనిషి

దీని మీద బెంగళూరు కార్యాలయంలో చర్చ చాలా రోజులు నడిచింది. మా ఆర్థిక వ్యవహారాలు చూసే పెద్దాయనది మదనపల్లె. లెక్కల్లో నిక్కచ్చి మనిషి. ఆయన ప్రశ్న సూటిగానే ఉంది.

“ఏమ్మా, ఆ డ్రైవరు మన పట్టీలో లేడు గదా. మనం ట్రాన్స్‌పోర్టు ఆయనకు బిల్లు కడతా ఉండాం. రేపు ఏమన్నా అయితే అది మన నెత్తిన ఎట్ల పడుతుంది?”

“సార్, పట్టీలో ఉన్నవాళ్ళెవరినీ ఆ రోడ్డు మీదికి పంపలేకే గదా ఆయన్ని పంపుతున్నాం,” అన్నాను.

ఆయన ప్రశ్నలో న్యాయం లేకపోలేదు. 2020లో విదేశీ విరాళాల చట్టానికి వచ్చిన సవరణ తర్వాత, ఒక సంస్థ విదేశీ నిధులను ఇంకో సంస్థకు బదిలీ చేయడానికి వీల్లేదు. పరిపాలనా ఖర్చుల పరిమితి కూడా 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గింది. చర్చి సంఘాలూ, ఊరి క్లబ్బులూ నిజంగా శిబిరాలు నడుపుతున్నా వాటికి ఆ నిధులు ఇవ్వలేం. సేవలను కొనుక్కోవచ్చు. అందువల్ల అత్యంత ప్రమాదకరమైన పని చట్టబద్ధంగానే ‘కొనుగోలు’ పద్దులోకి చేరి, ఆ పని చేసే మనిషి మాత్రం భద్రత పద్దులో కనిపించకుండా పోతాడు. ప్రమాదం తగ్గలేదు, మన పుస్తకాల్లో నుంచి బయటికి వెళ్ళింది, అంతే.

నా వాదనకు రెండు విషయాలు తోడయ్యాయి. ఒకటి, సహాయక సిబ్బంది మీద జరిగే దాడులను ప్రపంచవ్యాప్తంగా నమోదు చేసే ఎయిడ్ వర్కర్ సెక్యూరిటీ డేటాబేస్ రవాణా వంటి పనులకు స్థానికంగా కుదుర్చుకున్నవారిని కూడా సహాయక సిబ్బందిగానే లెక్కిస్తుంది. 2024లో ప్రపంచంలో 383 మంది సహాయక సిబ్బంది చనిపోయారు. ఏ ఏడాది చూసినా మృతుల్లో అత్యధికులు ఆయా దేశాలవారే. రెండోది, ఓస్లో జిల్లా కోర్టు 2015 నవంబరులో ఇచ్చిన తీర్పు. 2012 జూన్ 29న కెన్యాలోని దాదాబ్ శరణార్థి శిబిరాల్లో నార్వేజియన్ రెఫ్యూజీ కౌన్సిల్ వాహనాల మీద దాడి జరిగి, ఒక డ్రైవర్ చనిపోగా నలుగురు ఉద్యోగులు అపహరణకు గురయ్యారు. వారిలో ఒకరైన స్టీవ్ డెన్నిస్ వేసిన దావాలో, అపహరణ ముప్పు ముందే తెలిసి ఉన్నా తగిన జాగ్రత్తలు తీసుకోలేదని, అది తీవ్రమైన నిర్లక్ష్యమని కోర్టు నిర్ధారించి, సుమారు 44 లక్షల నార్వే క్రోనర్లు చెల్లించమంది. ఆ తీర్పు మనకు వర్తించదు. అయితే ముప్పు మనకు తెలిసి, ఆ సంగతి బండి ఎక్కే మనిషికి తెలియకపోతే బాధ్యత ఎవరిదన్న ప్రశ్నకు సరిహద్దులు లేవు. ఆ దాడిలో ప్రాణం పోయినది డ్రైవర్‌కేనన్న సంగతి ఈ తీర్పు గురించి జరిగే చర్చల్లో ఎప్పుడూ ఒక్క వాక్యంలో తేలిపోతుంది.

పెద్దాయన చివరికి ఒప్పుకున్నది ఈ వాదనలకు కాదనుకుంటాను, అంకెలకు. 1923 నాటి ఉద్యోగుల నష్టపరిహార చట్టం ప్రకారం మోటారు వాహనం నడిపేవాడు ఉద్యోగి కిందికే వస్తాడు. మరణం సంభవిస్తే నెల జీతంలో సగాన్ని వయసుకు తగిన గుణకంతో హెచ్చించాలి. అప్పట్లో లెక్కకు తీసుకునే జీతం గరిష్ఠంగా 15 వేల రూపాయలు. 35 ఏళ్ళ మనిషికి గుణకం 197.06 కాబట్టి మొత్తం సుమారు 14.78 లక్షలు. 2025 నవంబరు 21 నుంచి ఆ చట్టం స్థానంలో సామాజిక భద్రత కోడ్ వచ్చింది గానీ, మేము మాట్లాడుకుంటున్న రోజుల్లో పాతదే అమల్లో ఉంది. ఈ బాధ్యత కోర్టులో మన మీద పడినా పడకపోయినా, ముందుగా బీమాగా మార్చుకుంటే ఏడాదికి అయ్యే ఖర్చు ఎంతో ఆయనే లెక్కగట్టి, కొండదారిన ఒక లోడు పంపినంత కూడా కాదని తేల్చారు.

బీమా అంత సులభంగా దొరకలేదు. మన వ్యక్తిగత ప్రమాద బీమా పాలసీల్లో యుద్ధం, అంతర్యుద్ధం, తిరుగుబాటు వంటివి మినహాయింపుల్లో ఉంటాయి. అల్లర్లు, పౌర కల్లోలం అనే మాటల విషయంలో పాలసీకీ పాలసీకీ తేడా ఉంటుంది. మణిపూర్‌లో జరుగుతున్నది వీటిలో ఏదన్న ప్రశ్నకు బీమా కంపెనీ నోటితో చెప్పే సమాధానం ఎందుకూ పనికిరాదు, రాతపూర్వకంగా తీసుకోవాలి. మేము అడిగిన మొదటి కంపెనీ రాసివ్వడానికి నిరాకరించింది. ఇంకో కంపెనీ, మూక దాడి వల్ల కలిగే మరణమూ వైకల్యమూ వర్తిస్తాయని అదనపు పత్రం జతచేసి ఇచ్చింది. ఈ రంగంలోని మిత్రులకు నా సలహా ఏమిటంటే, పాలసీ చేతికి రాగానే ముందుగా మినహాయింపుల పేజీ చదవండి. కవరు మీది మొత్తం తర్వాత చూసుకోవచ్చు.

డబ్బు విషయంలో మరో చిక్కు ఉంది. ప్రమాదకరమైన ట్రిప్పుకు ఎక్కువ డబ్బు ఇవ్వడం న్యాయమని మొదట అందరికీ తోస్తుంది. అయితే ఆదాయం తగ్గిపోయిన ఊళ్ళో, ముగ్గురు పిల్లలున్న మనిషికి, వెళితే రెట్టింపు ఇస్తాం, వెళ్ళకపోతే ఏమీ లేదు అని చెబితే అతను ఇష్టపడి వెళుతున్నాడని ఎలా అంటాం? అదనపు డబ్బు ఇక్కడ కొరడాలాగే పనిచేస్తుంది. ఇవ్వకపోతే దోపిడీ. దీనికి మేము చేసిన ఏర్పాటు నెల జీతం. బండి కదిలినా కదలకపోయినా నెలకు ఒకే మొత్తం, ట్రిప్పుకు డీజిలూ భోజనమూ మాత్రమే అదనం. వెళ్ళనని చెప్పినందువల్ల డ్రైవర్ ఒక్క రూపాయి కూడా నష్టపోడు. ఉదయం బయల్దేరాలా వద్దా అని తేల్చే ఫోన్ సంభాషణలో అతను కూడా ఉంటాడు. మిగిలిన అందరూ సరేనన్నా అతను కాదంటే ఆ రోజు బండి కదలదు, కారణం చెప్పనవసరం లేదు. ఈ నియమం పెట్టిన తర్వాత కొన్ని వారాలు అతను చాలాసార్లు కాదన్నాడు. మా బోర్డులో ఒకరు ఇతన్ని పెట్టుకుని లాభమేమిటని అడిగారు. అతను కాదన్న రోజుల సమాచారాన్ని బెంగళూరులోని ఇద్దరు మణిపూరీ ఉద్యోగులు సరిచూశారు. కొన్ని రోజుల్లో నిజంగానే ఆ దారిలో గొడవ జరిగింది, కొన్ని రోజుల్లో ఏమీ జరగలేదు. అతను ఎన్నిసార్లు సరిగ్గా ఊహించాడో లెక్కవేయడానికి నేను ఒప్పుకోలేదు. ఆ లెక్క మొదలైతే కాదనే హక్కు మెల్లగా పరీక్షగా మారుతుంది.

ఒప్పందంలో సరుకు నష్టం నిబంధన కొట్టేశాం. దాని స్థానంలో, బెదిరింపు ఎదురైతే సరుకునూ బండినీ వదిలి వెళ్ళవలసిందే అన్న వాక్యం మణిపురీలోనూ హిందీలోనూ రాయించి, రవాణాదారుతోనూ డ్రైవర్‌తోనూ వేరువేరుగా సంతకం చేయించాం. బండికి కూడా బీమా ఉండాలి, లేకపోతే బండి యజమాని ఒత్తిడి వల్ల డ్రైవర్ మళ్ళీ బండి దగ్గరే నిలబడతాడు.

ఎస్కార్ట్, బెంగళూరు నుంచి వచ్చే ప్రమాదం

జిల్లా యంత్రాంగం కొన్నిసార్లు భద్రతా బలగాల ఎస్కార్ట్ ఇస్తామంది. విదేశీ సంస్థల్లాగా సాయుధ రక్షణ వద్దని సూత్రప్రాయంగా తిరస్కరించడం ఒక భారతీయ సంస్థకు సాధ్యం కాదు, సబబూ కాదు. శాంతిభద్రతలు ప్రభుత్వ బాధ్యత. అయితే ఎస్కార్ట్ ఉంటే మనిషికి రక్షణ ఉన్నట్టేనన్న నమ్మకాన్ని 2023 జూన్ 4న ఇంఫాల్ పశ్చిమ జిల్లా ఇరోయిసెంబా దగ్గర జరిగిన ఘటన చెరిపేసింది. తూటా తగిలిన పిల్లవాడినీ, అతని తల్లినీ, వారి బంధువునూ ఆసుపత్రికి తీసుకువెళుతున్న అంబులెన్సును, పోలీసుల రక్షణ ఉండగానే, మూక ఆపి తగలబెట్టింది. ముగ్గురూ చనిపోయారు. ఆ తర్వాత మేము సరుకును రెండుగా విడదీశాం. బియ్యం, దుప్పట్ల వంటి పెద్ద లోడ్లను జిల్లా యంత్రాంగానికి అప్పగించి ప్రభుత్వ కాన్వాయ్‌లో పంపాం. మా మనుషులు ఎక్కే బండి కాన్వాయ్‌లో కలవలేదు. కాన్వాయ్‌లో కనబడిన బండి మర్నాడు ఒంటరిగా వెళ్ళినప్పుడు ఏ వైపు బండిగా చూస్తారోనన్నది మా డ్రైవర్ లేవనెత్తిన అభ్యంతరం, దానికి మా దగ్గర సమాధానం లేదు.

చెక్‌పోస్టుల దగ్గర ఎక్కువగా ఎదురైన ప్రశ్న, అటువైపు వాళ్ళకు ఇస్తున్నారు, మా వాళ్ళకేమిచ్చారు అన్నది. అవసరాన్ని బట్టి ఇవ్వడం మా నియమం. లోయ శిబిరాలకు ఇంఫాల్ ఆసుపత్రులు దగ్గర, కొండవైపు ఆసుపత్రి సౌకర్యం తక్కువ. కాబట్టి మందులు సహజంగానే కొండవైపు ఎక్కువ వెళ్ళాయి, లోయ శిబిరాలకు పిల్లల పోషకాహారం, నీటి ట్యాంకులు ఎక్కువ వెళ్ళాయి. రెండు వైపులా ఇచ్చినవన్నీ ఒకే కాగితం మీద రాసి డ్రైవర్ చేతికి ఇవ్వాలా వద్దా అని వాదించుకున్నాం. అంకెలు పక్కపక్కన కనిపిస్తే తగాదా పెరుగుతుందని చురాచాంద్‌పూర్ బృందం, దాచినట్టు కనిపిస్తే ప్రాణాల మీదికి వస్తుందని ఇంఫాల్ బృందం. ఇంఫాల్ బృందం మాట విన్నాం, ఎందుకంటే ఆ కాగితం చూపించాల్సిన చోటు వాళ్ళ వైపు ఉంది.

బెంగళూరు సురక్షితమైన దూరం అనుకోవడం కూడా పొరపాటే. 2012 ఆగస్టులో వదంతులకు భయపడి ఈశాన్య రాష్ట్రాలవారు వేల సంఖ్యలో బెంగళూరు నుంచి గౌహతి రైళ్ళెక్కారు. అప్పుడు కేంద్రం దేశమంతటా రోజుకు ఐదు ఎస్ఎంఎస్‌లకు మించి పంపకుండా కొంతకాలం ఆంక్ష పెట్టవలసి వచ్చింది. 2023లో వదంతి ఎదురు దిశలో ప్రయాణించింది. ఇక్కడ చదువుకునే మైతేయి, కుకీ విద్యార్థులు తమ తమ వైపు కోసం విడివిడిగా విరాళాలు సేకరించారు. మాకు ఇచ్చిన కొందరు ఒక సముదాయానికే చేరాలని షరతు పెట్టారు. అలాంటి విరాళాలు తిప్పి పంపాం, కొన్ని స్నేహాలు చెడ్డాయి. మా సొంత స్వచ్ఛంద కార్యకర్త ఒకరు గోదాములో పెట్టెలు ఎక్కిస్తున్న ఫోటో, బండి నంబరు కనిపించేలా, వాట్సాప్‌లో పెడితే అది సాయంత్రానికి ఇంఫాల్ బ్రాడ్‌బ్యాండ్ ఉన్న ఇళ్ళకు చేరింది. ఆ రోజు నుంచి సరుకు చేరిన తర్వాత కొన్ని రోజులు గడిచేదాకా ఫోటోలు బయటికి వెళ్ళకూడదన్న నియమం బెంగళూరు కార్యాలయానికే ముందు వర్తించింది. కంపెనీ బ్యానర్ కట్టిన లారీ ఫోటో కావాలన్న వైట్‌ఫీల్డ్ దాతకు ఈ నియమం వివరించడానికి చెక్‌పోస్టు దాటించినంత పని పట్టింది.

ప్రస్తుత స్థితి

2025 ఫిబ్రవరి 13న మణిపూర్‌లో రాష్ట్రపతి పాలన వచ్చింది. మార్చి 8 నుంచి అన్ని దారుల్లోనూ స్వేచ్ఛగా రాకపోకలు సాగాలని కేంద్ర హోంశాఖ ఆదేశించింది. ఆ రోజే కాంగ్‌పోక్పి జిల్లాలో బస్సుల రాకను అడ్డుకున్న నిరసనకారులకూ భద్రతా బలగాలకూ ఘర్షణ జరిగి ఒకరు చనిపోయారు, చాలామంది గాయపడ్డారు. ఆ ఉదయం మా ఫోన్ సంభాషణలో డ్రైవర్ కాదన్నాడు, బండి కదలలేదు.

డ్రైవర్ నెల జీతానికి నిధులిచ్చిన దాత కార్యక్రమం ముగిసింది. ఆ ఖర్చును ఇప్పుడు సంస్థ సొంత నిధుల నుంచి భరిస్తున్నాం. మదనపల్లె పెద్దాయన దాన్ని రవాణా పద్దులో కాక సిబ్బంది పద్దులో చూపించమని ఆడిటర్‌కు రాశారు. ఐజ్వాల్ దారి ఒప్పందాల్లోనూ సరుకు నష్టం నిబంధన తీసేయాలని మిజోరం రవాణాదారులతో మాట్లాడుతున్నాం. ప్రమాదం తక్కువైన దారికి ఇదెందుకని వాళ్ళు ఒప్పుకోవడం లేదు, చర్చ సాగుతోంది. బీమా అదనపు పత్రాన్ని ఏటా కొత్తగా రాయించుకోవాలి. గడువుకు రెండు నెలల ముందే అడగడం మొదలుపెడుతున్నాం, ఎందుకంటే ఆ పత్రం చేతికి వచ్చేదాకా దగ్గరి దారిన బండి పంపకూడదని నియమావళిలో చేర్చాం.